ఫిట్స్ మాత్ర ఆపమని చెప్పింది ఎవరు?

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు మూడుసార్లు వచ్చింది. మొదట చిన్నత్త పంపింది, తర్వాత స్కూల్ గ్రూపులో కనిపించింది. నిన్న రాత్రి మా చెల్లెలు. దానికి ఇప్పుడు ఆరో నెల. “అక్కా, నేను నాలుగు రకాలు వేసుకుంటున్నా, భయంగా ఉంది” అని కింద రాసింది. పదకొండేళ్లుగా మందుల షాపులో కూర్చుంటున్న నేను ఇక ఊరుకోలేకపోయాను.

మెసేజ్ సారాంశం ఇది: కడుపుతో ఉన్నవాళ్లు రెండు మాత్రలు కలిపి వేసుకుంటే విషమవుతాయి. ఐరన్‌తో బిడ్డ నల్లగా పుడుతుంది. కాల్షియంతో తల గట్టిపడి నార్మల్ డెలివరీ కాదు. నెల తప్పగానే బీపీ, థైరాయిడ్, ఫిట్స్ మాత్రలన్నీ ఆపేసి మూలికల పొడి వాడండి.

ఐరన్‌తో నల్లబడేది విరేచనం, బిడ్డ కాదు. తల గట్టిపడటం అబద్ధం. వీటికి ఇంతే చాలు.

కలిస్తే విషమా? ఐరన్, కాల్షియం కలిపి వేసుకుంటే ఐరన్ సరిగ్గా ఒంటికి పట్టదు, అంతే. థైరాయిడ్ మాత్రకు ఆ రెండింటితో నాలుగు గంటల ఎడం కావాలి. అందుకే చెల్లెలికి కాగితం మీద రాసిచ్చాను: లేవగానే పరగడుపున థైరాయిడ్, మధ్యాహ్నం అన్నం తిన్నాక కాల్షియం, రాత్రి ఐరన్, డాక్టరు రాసిన చిన్న డోసు ఆస్పిరిన్. ఇక వేవిళ్లకు ఇచ్చే డాక్సిలమైన్, పిరిడాక్సిన్ మాత్ర అసలు రెండు మందుల కలయికే. దానివల్ల బిడ్డలు అవకరాలతో పుడుతున్నారన్న కోర్టు కేసుల వల్ల 1983లో అమెరికాలో కంపెనీ దాన్ని ఆపేసింది. అవకరాలు తగ్గలేదు, వాంతులతో ఆసుపత్రిలో చేరే గర్భిణులు పెరిగారు. 2013లో అదే కలయికకు మళ్లీ అనుమతి ఇచ్చారు.

నన్ను నిద్రపోనివ్వనిది ఆ “ఆపేయండి” అన్న మాట. నిరుడు ఒకతను ఏడు మాత్రలు మిగిలిన స్ట్రిప్పు కౌంటర్ మీద పెట్టి, “వాపసు తీసుకోండి, మా ఆవిడ నెల తప్పింది” అన్నాడు. అవి ఫిట్స్ మాత్రలు! ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ తిరగబెడతాయి. మనిషి పడితే కడుపు నేలకు కొట్టుకుంటుంది, ఆగకుండా వస్తే తల్లీబిడ్డల ప్రాణాలకే ముప్పు. ఇది రాసినవాళ్లు వచ్చి పట్టుకుంటారా ఆమెను? నిజమే, ఫిట్స్‌కి వాడే వాల్‌ప్రోయేట్ గర్భంలో ప్రమాదకరమైన మందు. వాడిన తల్లుల బిడ్డల్లో 100కి సుమారు 10 మంది అవకరాలతో పుడతారు, 30 నుంచి 40 మందికి ఎదుగుదలలో సమస్యలు రావచ్చు. రెండు మూడు ఫిట్స్ మందులు కలిపి వాడుతుంటే, వాటిలో ఇది ఉందా అన్నదే మొదట చూడాలి. లామోట్రిజిన్, లెవెటిరాసెటమ్ లాంటివి దానికన్నా చాలా నయం. ఆ మార్పు న్యూరాలజిస్టు చేయాలి, వీలైతే నెల తప్పకముందే. ముందే నెల తప్పితే ఆ రోజే ఫోన్ చేయాలి. అతని చేత కూడా అక్కడే నిలబెట్టి చేయించాను.

థైరాయిడ్ మాత్ర ఆపడం కాదు, చాలామందికి డోసు పెంచాల్సి వస్తుంది. బీపీకి టెల్మిసార్టాన్ వాడుతుంటే డాక్టరు దాని బదులు వేరేది ఇస్తారు, ఖాళీగా వదలరు.

మూలికలు ఎన్ని కలిపినా హాని లేదట. న్యూయార్క్‌లో 2011-12లో మన దేశపు ఆయుర్వేద మందులు వాడిన ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా తేలింది.

అయితే మెసేజ్ చివర్లో ఒక మాట ఉంది: “ఏ మాత్ర ఎందుకో ఎవరూ చెప్పరు.” ఇది మాత్రం నిజం. గైనకాలజిస్టు చీటీ ఒకటి, థైరాయిడ్ డాక్టరుది ఇంకొకటి, రెండూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు లేరు. షాపులో మేమూ నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తాం, మందు పేరు మిగిలిన ముక్కలో ఉండిపోతుంది. నడుం నొప్పంటే ఎన్నో నెలో అడక్కుండా నొప్పి మాత్ర ఇచ్చేవాళ్లున్నారు. ఐదో నెల నుంచి డైక్లోఫెనాక్ లాంటివి బిడ్డ కిడ్నీలను దెబ్బతీసి ఉమ్మనీరు తగ్గించవచ్చు. ఇందులో తప్పు మాది.

ఎల్లుండి చెల్లెలికి చెకప్. అన్ని స్ట్రిప్పులూ, రెండు చీటీలూ ఒకే కవర్లో పెట్టుకోమన్నాను. వాళ్ల అత్తగారు పాలలో కలిపి ఇస్తున్న పొడి డబ్బా కూడా.