130 డాలర్ల సంతకం

1938 మార్చి 1వ తేదీ వేసి న్యూయార్క్‌లోని డిటెక్టివ్ కామిక్స్ సంస్థ కథలు రాసే జెర్రీ సీగెల్, బొమ్మలు గీసే జో షుస్టర్‌లకు ఒక చెక్కు రాసింది. మొత్తం 412 డాలర్లు. డిటెక్టివ్ కామిక్స్ పత్రికకు చేసిన పనికి 210, అడ్వెంచర్ కామిక్స్‌కు 36, మోర్ ఫన్‌కు 36. మిగిలిన 130 డాలర్లు సూపర్‌మ్యాన్ అనే కొత్త బొమ్మల కథకు: పేజీకి 10 చొప్పున 13 పేజీలు. చెక్కు మీద ఇద్దరి పేర్లూ తప్పుగా పడ్డాయి. అందుకే దాని వెనక తప్పు పేరుతో ఒకసారి, అసలు పేరుతో ఒకసారి సంతకాలు చేయాల్సి వచ్చింది. దాంతోపాటు వాళ్లు ఇంకో కాగితం మీదా సంతకం పెట్టారు. కథ, పాత్రలు, పేరు, దాని మీద వచ్చే మంచిపేరు సహా సర్వహక్కులూ సంస్థకు శాశ్వతంగా అమ్ముతున్నామని దాని సారాంశం. సంతకం పెట్టిన ఆ ఇద్దరికీ అప్పటికి 23 ఏళ్లు.

తెలియక మోసపోయిన కుర్రాళ్లని వారి గురించి జాలిగా చెప్పుకోవడం రివాజు. మేము అలా అనుకోవడం లేదు. అప్పటికే వాళ్లు అదే సంస్థకు పేజీల లెక్కన పనిచేస్తున్నారు. ఆ రోజుల్లో ఆ వ్యాపారంలో కాగితం అలాగే ఉండేది. అంతకుముందు కొన్నేళ్లుగా సూపర్‌మ్యాన్‌ను దినపత్రికలకు స్ట్రిప్‌లు సరఫరా చేసే సిండికేట్ల చుట్టూ తిప్పారు. ఎవరూ తీసుకోలేదు. ఎవరికీ అక్కరలేని సరుక్కి బేరమాడేవాళ్లెవరు?

ఇద్దరూ క్లీవ్‌లాండ్‌లోని గ్లెన్‌విల్ హైస్కూల్లో చదివారు. ఇద్దరివీ యూరప్ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబాలే. షుస్టర్ పుట్టింది కెనడాలోని టొరంటోలో. బొమ్మలకు మంచి కాగితం కొనే స్తోమత లేక పొట్లాల కాగితం మీద, వాల్‌పేపర్ వెనకవైపు గీశాడని చెబుతారు. సీగెల్ తండ్రి బట్టల దుకాణదారు. 1932 జూన్ 2న దుకాణంలో దొంగతనం జరుగుతుండగా గుండె ఆగి చనిపోయాడు. 1933 జనవరిలో సీగెల్ తాము సైక్లోస్టైల్ చేసి అమ్ముకునే చిన్న పత్రికలో సూపర్‌మ్యాన్ అన్న మాటను మొదటిసారి కథకు పేరుగా పెట్టాడు. అందులోని సూపర్‌మ్యాన్ బట్టతల దుర్మార్గుడు! మంచివాడిగా, తుపాకీ గుండు దిగని ఒంటితో మారింది ఆ తర్వాతే. తండ్రి చావుకూ ఆ ఒంటికీ లంకె ఉందని చాలామంది రాశారు. లంకె రుజువు కాలేదు, తేదీలు మాత్రం పక్కపక్కనే ఉన్నాయి.

వేషం సర్కస్ మల్లుల నుంచి వచ్చింది: ఒంటికి అతుక్కున్న చొక్కా, పైన లాగు. గాల్లో దూకుతున్నాడని బొమ్మలో తెలియాలంటే వెనక ఏదో ఎగరాలి కాబట్టి భుజాల మీద ఆ గుడ్డ చేరింది. మామూలు మనిషిగా తిరిగేటప్పుడు అతను పెట్టుకున్న క్లార్క్ కెంట్ అన్న పేరులో ఇద్దరు సినిమా నటులున్నారు, క్లార్క్ గేబుల్, కెంట్ టేలర్.

సూపర్‌మ్యాన్ తొలి కథతో 1938 ఏప్రిల్ 18న అమ్మకానికి వచ్చిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచికను జాగ్రత్తగా చూస్తే కత్తిరింపుల జాడ కనబడుతుంది. దినపత్రిక కోసం అడ్డంగా గీసిన స్ట్రిప్‌లను ముక్కలుగా కోసి కామిక్ పేజీ కొలతకు అతికించారు. 13 పేజీల్లో పట్టించడానికి మొదటి భాగం కోసేశారు. అందుకే మొదటి పేజీలో పుట్టుక ముచ్చట క్లుప్తంగా ముగియగానే, కట్టేసిన ఒక స్త్రీని చంకన పెట్టుకుని సూపర్‌మ్యాన్ ఎక్కడికో దూకుతూ కనిపిస్తాడు. ఆమె ఎవరో, ఏం జరిగిందో చెప్పిన పేజీలు పాఠకుడికి మరుసటి ఏడాదిగానీ దొరకలేదు. వెల 10 సెంట్లు, వేసినవి 2 లక్షల కాపీలు. వాటిలో చక్కగా మిగిలిన ఒక కాపీ 2024 ఏప్రిల్‌లో వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది.

ఆ మొదటి సూపర్‌మ్యాన్ ఎగరలేడు. మైలులో ఎనిమిదో వంతు, అంటే సుమారు 200 మీటర్లు దూకుతాడు. ఫిరంగి గుండు పేలితే చర్మం చిట్లవచ్చు. మనవాళ్లకు ఈ మనిషి కొత్తగా అనిపించడు, లంఘించడం మనకు ఆంజనేయుడి విద్య. 1980లో ఎన్టీ రామారావు తెలుగు తెర మీద సూపర్‌మ్యాన్ అయినప్పుడు ఆ శక్తి ఆంజనేయుడి వరంగానే వచ్చింది.

తొలి రెండేళ్ల కథల్లో అతని శత్రువులు గ్రహాంతర రాక్షసులు కారు. భార్యను కొట్టే మొగుడు, ముడుపులు తినే సెనేటర్, కూలీల ప్రాణాలు లెక్కచేయని గని యజమాని. 8వ సంచికలో మురికివాడను తానే కూల్చేస్తాడు, ప్రభుత్వం కొత్త ఇళ్లు కట్టక తప్పని పరిస్థితి తేవడానికి! ఆర్థిక మాంద్యం నాటి అమెరికాలో పాఠకుడు కోరుకున్నది ఇదే. 1940 ఫిబ్రవరిలో లుక్ పత్రిక కోసం గీసిన రెండు పేజీల్లో హిట్లర్‌ను మెడపట్టి లాక్కెళ్లాడు. రెండు నెలలు తిరక్కుండానే నాజీల ఎస్‌ఎస్ దళం వారపత్రిక సీగెల్ యూదు పుట్టుకను ఎత్తిచూపుతూ విషం కక్కింది. అమెరికా యుద్ధంలో దిగాక ఇంకో చిక్కు వచ్చింది. ఇంత బలవంతుడు సైన్యంలో చేరకపోతే ఎలా? క్లార్క్ కెంట్ కంటి పరీక్షలో ఎక్స్‌రే చూపుతో గోడ దాటి పక్క గదిలోని అక్షరాలు చదివేసి ఫెయిలయ్యాడు. పాత్రను కాపాడుకోవడానికి రచయితలు పడ్డ పాట్లలో మాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఇవాళ మనం ఎరిగిన సూపర్‌మ్యాన్‌లో సగం ఆ ఇద్దరిదీ కాదు. సంపాదకుడు పెర్రీ వైట్, కుర్ర విలేఖరి జిమ్మీ ఓల్సెన్ 1940లో మొదలైన రేడియో ధారావాహిక నుంచి వచ్చారు. సూపర్‌మ్యాన్ బలాన్ని హరించే రాయి క్రిప్టొనైట్ కూడా 1943లో రేడియోలోనే పుట్టింది. కామిక్ పుస్తకంలోకి 1949లో చేరింది. తెల్లజాతి దురహంకార ముఠా కూ క్లక్స్ క్లాన్‌ను గుర్తుపట్టేలా చూపిస్తూ 1946లో 16 భాగాల కథ నడిపిందీ రేడియోనే. గెంతడం మాని ఎగరడం స్థిరపడింది ఫ్లీషర్ స్టూడియో 1941లో తీసిన కార్టూన్లతో. కదిలే బొమ్మలో గెంతులు మిడత గెంతుల్లా తేలిపోతాయి మరి. కాబట్టి కంపెనీ ఏమీ చేయకుండా తిన్నదనడం సరికాదు. సీగెల్, షుస్టర్‌లు కూడా తొలినాళ్లలో బాగానే సంపాదించారు, సహాయకులను పెట్టుకుని స్టూడియో నడిపారు.

అసలు తగవు సూపర్‌మ్యాన్ కుర్రతనపు పాత్ర సూపర్‌బాయ్‌తో ముదిరింది. ఆ ఊహ సీగెల్‌ది. అతను సైన్యంలో ఉండగా కంపెనీ దాన్ని అచ్చులోకి తెచ్చింది. 1947లో ఇద్దరూ దావా వేశారు. 1938 కాగితం చెల్లుతుందనీ, సూపర్‌బాయ్ మాత్రం వేరే సొత్తనీ న్యూయార్క్ న్యాయస్థానం తేల్చింది. మరుసటి ఏడాది సుమారు 94,000 డాలర్లకు రాజీపడి రెండింటినీ వదులుకున్నారు. కథల మీద వారి పేర్లు మాయమయ్యాయి. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత అక్కడ అక్షరాలా నిజమైంది. 1975 నాటికి షుస్టర్‌కు చూపు దాదాపు పోయింది. సీగెల్ లాస్ ఏంజెలెస్‌లో గుమాస్తా. సూపర్‌మ్యాన్ మీద భారీ సినిమా తయారవుతోందని తెలిసి సీగెల్ పత్రికలకు ఘాటైన ప్రకటన పంపాడు. కార్టూనిస్టులు జెర్రీ రాబిన్సన్, నీల్ ఆడమ్స్ వెంటపడ్డారు. చట్టం ప్రకారం ఇవ్వాల్సిన పని లేకపోయినా, పరువు పోతుందని యజమాని సంస్థ వార్నర్ దిగివచ్చింది: ఒక్కొక్కరికి ఏడాదికి 20,000 డాలర్లు, పాత్ర సృష్టికర్తలుగా పేరు.

కోర్టు కథ అక్కడితో ఆగలేదు. 1976 నాటి అమెరికా చట్టం పాత రచనలకు 56 ఏళ్లు నిండాక హక్కులను వెనక్కి తీసుకునే వీలు కల్పించింది. సీగెల్ భార్య, కుమార్తె 1997లో నోటీసు ఇచ్చారు. 2008లో గెలిచారు. 2001లో వారి లాయరు రాసిన ఒక ఉత్తరంతోనే ఒప్పందం కుదిరిపోయిందని 2013లో అప్పీలు కోర్టు చెప్పడంతో ఓడారు. 130 డాలర్లప్పుడూ ముంచింది కాగితమే, ఇప్పుడూ కాగితమే.

ఈ కాగితం సంగతి మన కథకులకూ, చిత్రకారులకూ, పాటల రచయితలకూ పట్టాలి. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియల్స్ ఏళ్ల తరబడి ఆయన పేరు లేకుండానే అచ్చయ్యాయి. మన 1957 కాపీరైట్ చట్టం ఒక విషయంలో అమెరికా కన్నా మెరుగు. సెక్షన్ 57 ప్రకారం, హక్కులు అమ్మేసుకున్నా ఇది నా రచన అని చెప్పుకునే హక్కు రచయితకు మిగులుతుంది. సెక్షన్ 19 ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్నవాడు ఏడాదిలోగా వాడకపోతే, ఒప్పందంలో వేరే మాట లేనంతవరకు, హక్కు రద్దయినట్టే. కాలం, ప్రాంతం గురించిన ఈ రక్షణలు ఎక్కడ ఎగిరిపోతాయంటే, 'శాశ్వతంగా', 'ప్రపంచమంతటా' అన్న మాటలు ఒప్పందంలో చేరినచోట. సంతకానికి ముందు వెతకాల్సింది వాటినే. పత్రికా ఉద్యోగి రాసినదాని మీద యజమానికి ఉండేది, వేరే ఒప్పందం లేకపోతే, పత్రికల్లో ప్రచురించుకునే హక్కు మాత్రమే. పుస్తకం, సినిమా హక్కులు రాసినవారివే. ఈ మాట మా లాంటి పత్రికల యాజమాన్యాలకు రుచించకపోవచ్చు, అయినా చట్టంలో ఉన్నది అదే.

ఇక అమెరికాలో అప్పటి రచనల కాపీరైట్ గడువు 95 ఏళ్లు. యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక 2034 జనవరి 1న అందరిదీ అవుతుంది. అప్పుడే బొమ్మలు గీసి అమ్ముకుందామనుకునేవారు ఏ ఏడాది ఏది విడుదలవుతుందో చూసుకోవాలి. పేరు, ఛాతీ మీది గుర్తు ట్రేడ్‌మార్కులుగా కంపెనీ చేతిలోనే ఉంటాయి, వాడుతున్నంతకాలం వాటికి గడువు లేదు. అతను పుట్టిన గ్రహానికి క్రిప్టన్ అన్న పేరు 1939 నాటిది, అతని శత్రువు లూథర్ 1940 నాటివాడు. వాటి కోసం ఇంకా ఆగాలి. 2034లో చేతికొచ్చే సూపర్‌మ్యాన్ పేరులేని గ్రహం నుంచి వచ్చి, అనాథాశ్రమంలో పెరిగి, డైలీ స్టార్ అనే పత్రికలో విలేఖరిగా చేరినవాడు. 200 మీటర్లు దూకుతాడు, మళ్లీ నేల మీదికే వస్తాడు.