చెట్ల రిజిస్టర్ నగరం చేతిలోనే ఉండాలి

వానాకాలానికి ముందు హైదరాబాద్‌లో వీచే మొదటి గాలిదుమారానికే చెట్లు కూలతాయి. కార్లు నుజ్జవుతాయి, కాలనీల్లో కరెంటు పోతుంది, నగర విపత్తు సహాయం చూసే హైడ్రా బృందాలు రంపాలతో వచ్చి దారి క్లియర్ చేస్తాయి. మర్నాటి నుంచి నగరంలో ప్రతి చెట్టునూ లెక్కించాలి, మంచి సాఫ్ట్‌వేర్ పెట్టాలి అనే మాటలు వినిపిస్తాయి. లెక్కించాల్సిందే, సాఫ్ట్‌వేర్ కావాల్సిందే. కానీ ఏ కంపెనీది కొనాలన్న చర్చ దగ్గరే ఆగిపోతే డబ్బు ఖర్చవుతుంది తప్ప చెట్టు నిలబడదు. ఆ లెక్క ఎవరి సొంతం, దాన్ని మామూలు మనిషి తెరిచి చూడగలడా అన్నది ముందు తేల్చాలి.

2015లో మొదలైన హరితహారం అనే మొక్కలు నాటే కార్యక్రమం, రాష్ట్రమంతటికీ 230 కోట్ల మొక్కల లక్ష్యం, 2021లో వచ్చిన 'ట్రీ సిటీ' గుర్తింపు అందరికీ తెలిసినవే. 2011లో 33.15 చదరపు కిలోమీటర్లున్న హైదరాబాద్ అటవీ విస్తీర్ణం 2021 నాటికి 81.81కి చేరిందని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా చెప్పింది. సంతోషమే. అయితే ఉపగ్రహం పచ్చదనాన్ని పైనుంచి కొలుస్తుంది. ఏ వీధిలో ఏ వేపకు కొమ్మల చివర్లు ఎండిపోతున్నాయో, ఏ పచ్చ తురాయి మొదట్లో తొర్ర పడిందో దానికి కనిపించదు. నాటిన మొక్కకు దక్కిన ఫొటో, ప్రచారం ఈ నగరంలో ఎదిగిన చెట్టుకు ఏనాడూ దక్కలేదు.

ఫుట్‌పాత్ మీద ఒక నిద్రగన్నేరు ఉందనుకుందాం. లెక్క తీసే మనిషి నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున మానుకు టేపు చుట్టి చుట్టుకొలత రాసుకుంటాడు. జాతి, ఎత్తు, ఫోన్ చెప్పే లొకేషన్, ఒక ఫొటో. ఎక్కువ సర్వేలు ఇక్కడితో ఆగిపోతాయి. అసలు సంగతి ఆ తర్వాతే ఉంది. మొదలు చుట్టూ మట్టి ఉందా, సిమెంటు గొంతు దాకా పోశారా? పైన కరెంటు తీగలున్నాయా? కొమ్మలు ఒక్క వైపే కొట్టేసి బరువంతా రోడ్డు మీదికి ఒరిగేలా చేశారా? కేబుల్ కోసమో పైపు కోసమో పక్కన కందకం తవ్వినప్పుడు ఎన్ని లావుపాటి వేళ్లు తెగాయి? వేళ్లు తెగిన వైపు నుంచి గాలి బలంగా వీస్తే ఆ చెట్టుకు పట్టు ఉండదు. అది పడిన రోజు అందరూ గాలినే తిడతారు. ఎప్పుడో పూడ్చేసి తారు పోసిన ఆ కందకం ఎవరికీ గుర్తుండదు.

అందుకే చెట్ల సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది చరిత్ర. చెట్టుకు ఒక నంబరు, ఆ నంబరు కింద జరిగిన ప్రతి పని తేదీతో సహా. కొమ్మ కొట్టింది విద్యుత్ సంస్థ వాళ్లా, బల్దియా (నగరపాలక సంస్థ) వాళ్లా? తవ్వకానికి అనుమతి ఏ ఆఫీసు ఇచ్చింది? పనయ్యాక చెట్టును ఎవరైనా వచ్చి చూశారా? ఇంకో అడుగు ముందుకేయాలి. రోడ్డు తవ్వకం అనుమతి దరఖాస్తు వచ్చిన క్షణంలోనే ఆ దారిలోని చెట్ల నంబర్లు ఫైల్లోకి వచ్చి కూర్చోవాలి. వాటిని చూసి సంతకం పెట్టే దాకా ఫైలు కదలకూడదు. ఇందుకు కృత్రిమ మేధ అక్కర్లేదు. రెండు విభాగాల రికార్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటే చాలు. ఇంత సాదా పని చేయలేని డ్యాష్‌బోర్డు ఎన్ని రంగుల్లో మెరిసినా మనకెందుకు?

సాధనాలకు కొదవ లేదు. అమెరికా అటవీ శాఖ 2006 నుంచి అందిస్తున్న ఐ-ట్రీ సాఫ్ట్‌వేర్ ఉచితం. చెట్టు ఎంత కార్బన్ దాచుకుంటుంది, గాలిని ఎంత శుభ్రం చేస్తుంది అన్నది అది లెక్కగడుతుంది. ఇక్కడి వాతావరణం, కాలుష్యం వివరాలు సరిగ్గా ఇస్తేనే ఆ లెక్క నమ్మదగ్గది. రేపు ఏ కొమ్మ కొట్టాలో చెప్పే పని దానిది కాదు. మ్యాపు కోసం క్యూజీఐఎస్, ఫీల్డులో సిగ్నల్ లేకపోయినా పనిచేసే క్యూఫీల్డ్ ఉన్నాయి. రెండూ ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకుని మార్చుకోగల సాఫ్ట్‌వేర్లు. వార్డులో తిరిగే సిబ్బంది కోసం తెలుగులో, ఉర్దూలో ఫారాలు తయారు చేసుకోవచ్చు. 'కానుగ' అని తెలిసిన మనిషి చేత లాటిన్ పేరు టైప్ చేయిస్తే సగం రికార్డులు తప్పులతో నిండుతాయి. ఇక విదేశాల్లో వృక్ష నిపుణుల కంపెనీలు అమ్మే ప్యాకేజీలున్నాయి. వాటిలో మంచివీ ఉన్నాయి.

వాటి తరఫున చెప్పే వాదనలో బలం లేకపోలేదు. ఉచిత సాఫ్ట్‌వేర్‌ను రోజూ చూసుకునే ఇంజనీరు మున్సిపాలిటీలో ఎక్కడున్నాడు, కంపెనీ అయితే ఫోన్ చేస్తే పలుకుతుంది కదా అంటారు. డేటా అందరికీ తెరిస్తే గంధపు చెట్ల దొంగలకు దారి చూపినట్టేనని కూడా అంటారు. గంధం, ఎర్రచందనం ఉన్న చోట్లను దాచేయండి, ఎవరూ కాదనరు. నిర్వహణకు కంపెనీని పెట్టుకోండి, జీతం ఇచ్చినట్టే ఫీజు ఇవ్వండి. కానీ డేటా మీద హక్కు మాత్రం దాని చేతిలో పెట్టకండి.

కాంట్రాక్టు ఆయుష్షు ఎంత, చెట్టు ఆయుష్షు ఎంత? 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగినప్పుడు సుమారు 150 మంది ఒక చింతచెట్టెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఆ చెట్టు నిజాముల కాలం దాటి, మూడు రాష్ట్రాల పేర్లు చూసి మన దాకా వచ్చింది. అలాంటి చెట్టు రికార్డును మూడేళ్లకో ఐదేళ్లకో ముగిసే లైసెన్సుకు కట్టేస్తామా? గడువు తీరి కంపెనీ మారితే పాత ఫైళ్లు తెరుచుకోకపోవడం, మళ్లీ మొదటి నుంచి సర్వే అంటూ కొత్త బిల్లు రావడం... నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే.

తెలంగాణ ప్రజలకు ఈ భయం కొత్తది కాదు. 2020 అక్టోబర్‌లో ధరణి పోర్టల్ వచ్చింది. రైతు భూమి రికార్డుల వ్యవస్థను ప్రైవేటు సంస్థ నడిపింది. 2024 చివర్లో నిర్వహణ కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ చేతికి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. తన పాస్‌బుక్‌లో తప్పెక్కడ పడిందో, ఎవరు దిద్దుతారో తెలియక రైతు ఆఫీసుల చుట్టూ తిరిగిన ఆ ఏళ్లను ఎవరు మరిచిపోతారు? భూమి అయినా, చెరువు అయినా, చెట్టు అయినా ఉమ్మడి సొత్తుకు సంబంధించిన రిజిస్టర్ ప్రజల కళ్ల ముందే ఉండాలి. చెరువుల హద్దుల గురించి ఈ నగరం ఇన్నేళ్లుగా కొట్టుకుంటున్నది ఆ రిజిస్టర్లు జనానికి అందుబాటులో లేకపోవడం వల్లే. కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కూలుస్తుంటే 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. అక్కడ ఏ చెట్లున్నాయో నంబరుతో సహా అప్పటికే ఒక బహిరంగ రికార్డు ఉండి ఉంటే, బుల్డోజర్ కదలకముందే ప్రశ్న మొదలయ్యేది.

మహారాష్ట్రలో 1975 నాటి చట్టం ఐదేళ్లకోసారి పట్టణాల్లో చెట్ల గణన జరపాలంటుంది. న్యూయార్క్ 2015లో రెండు వేల మందికి పైగా వాలంటీర్లతో ఆరున్నర లక్షలకు పైగా వీధి చెట్లను లెక్కించి, ఆ డేటానంతా అందరికీ తెరిచింది. అక్కడ ఎవరైనా మ్యాపులో తమ ఇంటి ముందున్న చెట్టును పట్టుకోవచ్చు. మనకు నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం ఉంది, నరకాలంటే అనుమతి తీసుకోవాలి. ఉన్న చెట్టేదో ముందే నమోదై లేకపోతే, అనుమతి లేకుండా మాయమైనదాన్ని ఎలా నిరూపిస్తాం?

కాబట్టి టెండర్ రాసేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే షరతు. తుది బిల్లు చెల్లించే ముందు నగరపాలక సంస్థలోని ఒక సర్కిల్ చెట్ల డేటా మొత్తం, ఫొటోలు, పనుల చరిత్రతో సహా, బయటికి తీసి ఆ కంపెనీతో సంబంధం లేని ఇంజనీరింగ్ విద్యార్థుల చేతికివ్వండి. వాళ్లు దాన్ని క్యూజీఐఎస్‌లో తెరిచి, ఏ వీధిలో ఏ చెట్టుకు ఎప్పుడు కొమ్మలు కొట్టారో కంపెనీ సాయం లేకుండా చెప్పగలగాలి. చెప్పలేకపోతే బిల్లు ఆపేయండి.