కొండ మీద టెలిస్కోపు కాదు, కాలేజీలో బల్ల

మిట్టమధ్యాహ్నం పదహారో నంబరు జాతీయ రహదారి మీద దూరాన వచ్చే లారీ అలలు అలలుగా కనిపిస్తుంది. తారు మీద వేడెక్కిన గాలి వెలుతురును అటూ ఇటూ వంచడమే కారణం. నక్షత్రం మిణుకుమనేదీ ఇందుకే. పాటలకు పనికొచ్చే ఆ మిణుకు టెలిస్కోపుకు మాత్రం పీడ. పది మీటర్ల అద్దం 2.2 మైక్రాన్ల పరారుణ కాంతిలో, అంటే కంటికి కనపడని ఎరుపు అవతలి వెలుగులో, 0.06 ఆర్క్‌సెకన్ల సూక్ష్మతతో చూడగలదు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). గాలి అడ్డుపడితే దాదాపు ఒక ఆర్క్‌సెకను మేర అలుక్కుపోతుంది. గాలి చేసిన వంకరను క్షణక్షణం కొలిచి, దానికి ఎదురుగా ఒక పలచని అద్దాన్ని వంచి సరిచేసే విద్యే అడాప్టివ్ ఆప్టిక్స్. 1953లో హొరేస్ బాబ్‌కాక్ ఈ ఆలోచన చెప్పాడు. పాలపుంత నడుమ ధూళి మాటున నలభై లక్షల సూర్యుల బరువున్న కృష్ణబిలాన్ని నిర్ధారించినందుకు ఆండ్రియా గెజ్, రైన్‌హార్డ్ గెంజెల్‌లకు 2020లో నోబెల్ దక్కిందంటే అందులో ఈ విద్యకూ, పరారుణ కెమెరాలకూ పెద్ద వాటా ఉంది.

మరి నెల్లూరు జిల్లా ఉదయగిరి కొండ మీద మనమూ ఒక టెలిస్కోపు నిలపలేమా? నిలపొచ్చు, పిల్లలకు చంద్రుణ్ణి చూపించొచ్చు. పరిశోధనకు మాత్రం అది దండగ. పరారుణ కాంతిని నీటి ఆవిరి మింగేస్తుంది. మన గాలిలో ఉన్నదంతా సముద్రపు తేమ. పొడవైన రాత్రులుండే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల మబ్బు. లద్దాఖ్‌లోని హాన్లేకు 4,500 మీటర్ల ఎత్తూ ఎండిన గాలీ ఉన్నాయి కాబట్టే దేశం అక్కడికెళ్లింది. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలు అడగాల్సింది కొండను కాదు, విక్రమ సింహపురి, ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయాల్లో చెరొక అడాప్టివ్ ఆప్టిక్స్ ప్రయోగ బల్లను. పలు దేశాలు కలిసి తలపెట్టిన ముప్ఫై మీటర్ల అద్దపు థర్టీ మీటర్ టెలిస్కోపులో భాగస్వామ్యానికి 2014లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. దాని అద్దపు పలకలకు మెరుగు పెట్టే కేంద్రం బెంగళూరు దగ్గర హోసకోటేలో వెలిసింది. ఈ పని చేతికొచ్చిన పిల్లలు మన దగ్గర ఎందరున్నారు?

పరారుణమే ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. మంచి రాత్రి కూడా గాలి చెదరగొట్టకుండా మిగిలే కాంతి తరంగపు వెడల్పు దృశ్యకాంతిలో పది సెంటీమీటర్లే. 2.2 మైక్రాన్ల దగ్గర అది అరవై సెంటీమీటర్లవుతుంది. ఉత్తరాఖండ్‌లోని దేవస్థల్ టెలిస్కోపు 3.6 మీటర్ల అద్దాన్ని దృశ్యకాంతిలో పూర్తిగా సరిదిద్దాలంటే వెయ్యి దాకా యాక్చుయేటర్లు, అంటే పలచని అద్దాన్ని వెనక నుంచి తోసి వంచే మీటలు, కావాలి. పరారుణంలో ముప్ఫయ్యితో పని మొదలవుతుంది. సెకనుకు పది మీటర్ల వేగంతో గాలి వీస్తుంటే వంకర మారడానికి దృశ్యకాంతిలో మూడు మిల్లీసెకన్లు, పరారుణంలో పద్దెనిమిది. అందుకే ఇది కాలేజీ కంప్యూటరుకు కూడా అందే పని.

బల్ల ఇలా ఉండాలి. అడుగున చీమకుర్తి గ్రానైటు పలక, పది సెంటీమీటర్ల మందం, కింద గాలి నింపిన లారీ ట్యూబులు. గది నేల అంతస్తులో, రైలు పట్టాలకూ హైవేకూ దూరంగా. ప్రయోగం నడిచేటప్పుడు ఫ్యాను ఆపాలి, ఏసీ గాలి కాంతి దారిలోకి రాకూడదు. లేకపోతే తెచ్చిపెట్టిన గాలి వంకర మీద గది వంకర కలిసి ఏది ఏదో తేలదు. కృత్రిమ గాలికి యాక్రిలిక్ బిళ్ల మీద హెయిర్ స్ప్రే చల్లి నెమ్మదిగా తిప్పితే చాలు. మొదటి ఏడాది వంగే అద్దం జోలికే పోవద్దు. వోల్టేజి ఇస్తే సాగే పీజో ముక్కల మీద నిలిపిన మామూలు అద్దంతో చిత్రం ఊగిసలాటను ఆపితే గాలి చేసే చెరుపులో 87 శాతం పోతుంది. తర్వాతే మైక్రోలెన్సుల పలక, కెమెరా, వంగే అద్దం. చిన్న చిన్న లెన్సుల ఆ పలక కాంతిని కెమెరా మీద చుక్కలుగా విడదీస్తుంది, చుక్కలు జరిగినదాన్ని బట్టి వంకర తెలుస్తుంది; ఈ రెండూ కలిపే సెన్సరు. వంగే అద్దం ఖరీదు లక్షల్లో ఉంటుంది. అడ్డదిడ్డంగా వోల్టేజి ఇస్తే పోతుంది.

అసలు కష్టం అమరికలో. వంగే అద్దపు బింబం సరిగ్గా మైక్రోలెన్సుల మీద పడేలా లెన్సుల జతలతో కూర్చాలి. ఒక్కో యాక్చుయేటరును తోసి, చుక్కలెంత జరిగాయో రాసి పట్టిక కట్టాలి, చుక్కల జరుగుడు నుంచి తోపు తెలిసేలా దాని విలోమం లెక్కించాలి. సెన్సరుకు సరిగా అందని బలహీనమైన వంకర రూపాలను పట్టికలోంచి కొట్టేయకపోతే కొలతలోని పొరపాటు చప్పుడే అద్దానికి ఆజ్ఞ అయిపోతుంది. కొన్ని అమరికల్లో చదరంగపు గళ్లలా పైకీ కిందకీ లేచే వంకర సెన్సరుకు అసలు కనిపించదు, అద్దం మీద మాత్రం పెరుగుతూ పోతుంది. చదవడం, లెక్కించడం, తోయడం కలిపి రెండు కెమెరా ఫ్రేముల ఆలస్యం ఉంటుంది కాబట్టి సవరణ పాలు, అంటే కొలిచిన వంకరలో ఒక్కోసారి సరిదిద్దే వంతు, 0.3 దగ్గర మొదలుపెట్టాలి. తొందరపడి పెంచితే అద్దం ఊగుతుంది. గొట్టాల్లో అల్లాడే నీళ్లను అదుపు చేసే ఇంజనీరుకు ఇదేమీ కొత్త గణితం కాదు.

పరారుణ కెమెరా వేరే లోకం. మనిషి ఒళ్లు, టెలిస్కోపు అద్దం, గోడ అన్నీ పరారుణంలో వెలుగుతాయి. రెండు మైక్రాన్లు దాటాక ఆ వెలుగే నక్షత్రాన్ని ముంచేస్తుంది. అడాప్టివ్ ఆప్టిక్స్ కోసం దారిలో అదనంగా చేర్చే ప్రతి వెచ్చని అద్దం తన వెలుగు తాను కలుపుతుంది. అందుకే థర్టీ మీటర్ వారు ఆ యంత్రాంగం మొత్తాన్ని సున్నాకు ముప్ఫై డిగ్రీలు కింద ఉంచాలని రూపకల్పన చేశారు. చిలీలో యూరోపియన్లు టెలిస్కోపు రెండో అద్దాన్నే రెండు మిల్లీమీటర్ల మందాన చేసి 1,170 యాక్చుయేటర్లతో వంచుతున్నారు. కెమెరా శూన్యపు పాత్రలో, ద్రవ నైట్రోజన్ చలిలో ఉంటుంది. లోపల చల్లని రంధ్రపు పలక వేసి వెచ్చని అంచులను కనపడకుండా చేస్తారు. చల్లార్చడం నిమిషానికి ఒక డిగ్రీ లెక్కన నిదానంగా. గబగబా చేస్తే డిటెక్టరు పగులుతుంది. పూర్తిగా వేడెక్కకముందే మూత తీస్తే మన నెల్లూరు తేమ లెన్సుల మీద నీళ్లై దిగుతుంది.

ద్రవ నైట్రోజన్ మన పల్లెలకు కొత్తేమీ కాదు. ఒంగోలు గిత్తల వీర్యం దాచే క్యాన్లు పశువైద్యశాలల్లో ఉన్నాయి. వాటిని నింపే సరఫరాకే విశ్వవిద్యాలయం కూడా చేయి చాపొచ్చు. గది కిటికీలు మాత్రం తెరిచే ఉంచాలి, ఆవిరైన నైట్రోజన్ ఊపిరాడనివ్వదు. మంచి పరారుణ డిటెక్టర్లకు ఎగుమతి ఆంక్షలున్నాయి గనుక మొదట మామూలు సిలికాన్ కెమెరాతో చలి, శూన్యం పనులు నేర్పాలి. సోడియం లేజర్ మార్గదర్శక తార, అంటే గాలి వంకర కొలవడానికి లేజరుతో ఆకాశంలో వెలిగించే కృత్రిమ చుక్క, ఆశ ఇప్పుడే వద్దు. దానికి కావలసిన సోడియం పొర తొంభై కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. దాన్ని లైడార్‌తో, అంటే లేజరు కాంతితో, కొలిచిన తిరుపతి దగ్గరి గాదంకి ప్రయోగశాల మనకు పొరుగే గనుక, విద్యార్థులను ఒక వారం అక్కడికి పంపడమే నయం.

యంత్రాలు కొని గదికి తాళం వేసే అలవాటు మన కాలేజీలకు బాగా ఉంది. మంజూరు ఉత్తర్వులోనే బల్లతోపాటు ఒక శాశ్వత టెక్నీషియను పోస్టు, శూన్యపు పంపు నూనెకూ రబ్బరు రింగులకూ ఏటా ఖర్చు, అద్దం వోల్టేజి డ్రైవరుకు ఒక విడి బోర్డు, రాత్రిళ్లు గది తెరిచే అధికారం రాసి ఉండాలి. కొనుగోలు కమిటీలో అమరిక చేతులతో చేసినవారు కనీసం ఒకరు ఉండాలి. కొటేషను తెరిచే రోజు కాదు, స్పెసిఫికేషను రాసే రోజు నుంచే.