ఆదాము దాకా తెలిసిన వంశవృక్షం గారికి

ఐర్లండ్‌లోని కార్క్‌లో మా అత్తగారింటి హాల్లో ఫ్రేములో వేలాడుతున్న వంశవృక్షం గారికి, ఆ ఇంటి తెలుగు కోడలు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

పెళ్ళయిన కొత్తలో మిమ్మల్ని చూసి హడలిపోయాను. పైన ఆదాము, కింద నోవహు, ఆయన కొడుకు యాపెతు, ఇంకా కిందికొస్తే ఐరిష్ పురాణాల్లో స్పెయిన్ నుంచి దిగిన మిలీషియస్ కొడుకులు, ఆ తర్వాత రాజులు, రాజులు, మళ్ళీ రాజులు. పశువులు కాసినవాడు ఒక్కడూ లేడేమండీ? మధ్యయుగంలో మఠాల్లో పండితులు తమ రాజుల్ని బైబిలుకు ముడేస్తే, 1876లో జాన్ ఒహార్ట్ ఆ వరసలన్నీ పోగేసి అచ్చేశాడు. అందులోంచి ఎవరో దించిన కాపీ మీరు. సరే, మేమూ గోత్రం అడిగితే భరద్వాజుడి దాకా టకటకా వెళ్ళిపోయి, ముత్తాత తండ్రి పేరు దగ్గర నీళ్ళు నములుతాం కాబట్టి ఆ విషయంలో మిమ్మల్ని ఎక్కువ అనను.

నా బాధల్లా మీ కింద ఉన్న ఖాళీ గోడ. మీ చివరి రాజుగారికీ, మా ఆయన ముత్తాత తల్లి మేరీకీ మధ్య ఎవరున్నారు?

మేరీ 1901 జనాభా లెక్కల్లో 57 ఏళ్ళు, 1911లో 71. పదేళ్ళలో పద్నాలుగేళ్ళు పెరిగింది పాపం! 1909లో డెబ్బై దాటినవాళ్ళకు పింఛను ఇవ్వడం మొదలుపెట్టారు లెండి. అప్పట్లో వయసు రుజువుకి 1841, 1851 లెక్కలు వెతికేవాళ్ళు, అంటే ఆ పుస్తకాలు మేరీ బతికుండగా డబ్లిన్‌లో భద్రంగానే ఉన్నాయి. 1922 జూన్ 30న, అంతర్యుద్ధంలో, ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనాల్లోని రికార్డు ఆఫీసుతో పాటు దాదాపు అన్నీ తగలబడ్డాయి. మరి 1861, 71వి? సర్కారే నాశనం చేయించింది. 1881, 91వి మొదటి ప్రపంచ యుద్ధంలో కాగితం కొరతని గుజ్జు చేశారు. శత్రువులు కాల్చినవి కొన్నయితే గుమాస్తాలు మింగినవి కొన్ని.

గ్రిఫిత్ వాల్యుయేషన్ చూశాను, 1847 నుంచి 1864 దాకా ఊరూరా ఎవరు ఎంత భూమి చేస్తున్నారో రాసిన లెక్క. ఇంటి పెద్ద పేరు, భూస్వామి పేరు, పన్ను కట్టడానికి వేసిన విలువ ఉంటాయి కానీ పెళ్ళాం పిల్లల ఊసే లేదు. పైగా మా ఆయన ఇంటిపేరు మర్ఫీ, ఐర్లండ్‌లో ఎటు రాయి విసిరినా తగిలేది. తాత పేరు మనవడికి పెట్టడం మన తెలుగువాళ్ళకే ఉందనుకున్నాను, ఇక్కడా అదే ఆచారం, అందుకే ఒక్క చర్చి పరిధిలోనే నలుగురు జాన్ మర్ఫీలు, అందరూ ఒకే తాత మనవళ్ళు, పైగా పాదిరీ గారు వాళ్ళందర్నీ లాటిన్‌లో యోహానెస్ అని రాసుకున్నారు.

మేరీ పెళ్ళి 1863లో. చర్చి పుస్తకంలో వధూవరులు, ఇద్దరు సాక్షులు, అంతే. కాథలిక్కుల పెళ్ళిళ్ళు సర్కారు రిజిస్టర్లో రాయడం 1864లో మొదలైంది, అందులో తండ్రి పేరుకో గడి ఉంటుంది. ఒక్క ఏడాది ఆగలేకపోయావా తల్లీ!

మా అత్తగారు మాత్రం మిమ్మల్ని చూపించి "మనది రాజవంశం" అంటూనే ఉన్నారు, కాదనే ధైర్యం నాకు లేదు. దుమ్ము దులిపేది నేనే కాబట్టి చిన్న కోరిక: మేరీ నాన్న పేరేంటో కాస్త వాకబు చేయండి. మీకెలాగూ పరిచయమే కదా, ఆదాము గారినడిగినా పర్వాలేదు.