తుపాకీ పట్టకపోతే ప్రాణానికి ఢోకా లేదా?

ఉదయగిరి, వింజమూరు, కలిగిరి... మనోళ్ల గ్రూపు ఏది తెరిచినా అదే మెసేజ్. ఇరాక్‌లో అమెరికా సైనిక బేసుల్లో వంటవాళ్లు, డ్రైవర్లు కావాలంట. సిపాయి పని కాదు కాబట్టి ప్రాణానికి ఢోకా లేదంట. జీతం అమెరికా సర్కారే ఇస్తుందంట. ఏసీ గది, తిండి ఫ్రీ, ఏదన్నా అయితే ఇన్సూరెన్స్.

ఏసీ, తిండి ఉంటే ఉంటాయి, వదిలేయండి. జీతం మాత్రం అమెరికా ఇవ్వదు. సైన్యం ఒక పెద్ద కంపెనీకి కాంట్రాక్టు ఇస్తుంది, అది కువైట్‌లోనో దుబాయ్‌లోనో సబ్ కాంట్రాక్టరుకి అప్పజెబుతుంది, మనోడి అగ్రిమెంటు ఆ చివరివాడితో. నెల జీతం ఆగితే అడగాల్సింది వాణ్ణే.

నాకు ఒళ్లు మండేది ఆ 'ఢోకా లేదు' అన్న మాటకి. 2004లో ఇరాక్‌లో కిడ్నాపైన ముగ్గురు భారతీయులు కువైట్ కంపెనీ లారీ డ్రైవర్లే, ఆరు వారాలకి గానీ వదల్లేదు. వాళ్లు ఇంకా బందీలుగా ఉండగానే అక్కడ 12 మంది నేపాలీ కూలీలను చంపేశారు, జోర్డాన్‌లో ఉద్యోగమని నమ్మి ఇల్లు వదిలినవాళ్లు వాళ్లలో ఉన్నారు. అదే ఏడాది డిసెంబరు 21న మోసుల్ బేసులో బాంబు పేలింది ఎక్కడో తెలుసా? భోజనాల టెంటులో, సరిగ్గా మధ్యాహ్నం తినే వేళ. చచ్చిపోయిన 22 మందిలో కాంట్రాక్టు ఉద్యోగులూ ఉన్నారు. రాకెట్ వచ్చి నువ్వు సిపాయివా వంటోడివా అని అడిగి పడుతుందా? సైన్యానికి డీజిలు, బియ్యం మోసే లారీనే ముందు కొడతారు, అది ఆగితే సైన్యం ఆగుతుంది కాబట్టి. రష్యాలో హెల్పర్ పని అని తీసుకెళ్లి మనవాళ్లను యుద్ధంలోకి తోశారని సీబీఐ కేసు పెట్టింది 2024లోనే కదా, అప్పుడే మర్చిపోయారా?

ఇన్సూరెన్స్ మాట మాత్రం నిజం, ఒప్పుకుంటా. డిఫెన్స్ బేస్ యాక్ట్ అని 1941 నాటి అమెరికా చట్టం ఉంది, సబ్ కాంట్రాక్టరు కింద పనిచేసే విదేశీయులకీ వర్తిస్తుంది. కానీ క్లెయిం వేయాలంటే ఇంట్లోవాళ్లకి కంపెనీ పేరు, పనిచేసిన చోటు తెలియాలి. మొన్న ఒక కుర్రాడు చూపించిన ఆఫర్ కాగితంలో జీతం బోల్డు అక్షరాల్లో ఉంది, 'పని స్థలం' అన్న గడి ఖాళీగా ఉంది. పాస్‌పోర్టు అప్పటికే ఏజెంటు చేతిలో ఉంది.

ఆ గడి నింపించండి. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, మన విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ సైటులో చూడండి. అన్నీ తెలిసి పోతానంటే అది వాడిష్టం, అప్పులున్నోడిని ఆపడానికి నేనెవర్ని? కానీ 'ఢోకా లేదు' అని ఇంకొకరికి పంపొద్దు.