చదివింపుల పుస్తకం

కడప ఏడురోడ్ల దగ్గర బావ ఫ్లెక్సీ షాపు. బామ్మర్ది, ఇంకో నలుగురు కలిసి 16 పేజీల బొమ్మకథల పుస్తకం తెచ్చారు. దాన్ని వాళ్లు 'జీన్' అంటారు. జెరాక్స్ తీయించింది 50 కాపీలు, వెల 30 రూపాయలు. బామ్మర్ది పిన్నులు కొట్టే పని షాపులోనే పెట్టుకున్నాడు.

బావ: వీటిని కొనేదెవర్రా?

బామ్మర్ది: పోయినసారి 31 పోయినాయి బావా.

బావ: ఆ 31 మందీ బొమ్మలేసేవాళ్లే కదా? నీది వాడు కొంటాడు, వాడిది నువ్వు కొంటావు. పెళ్లి చదివింపుల మాదిరి ఆ 30 రూపాయలే మీలో మీరు తిప్పుకుంటారు. ఇన్‌స్టాలో పెడితే తెల్లారేసరికి వెయ్యి మంది చూస్తారు.

(ఈ దెబ్బ గట్టిదే. వాడు మాట్లాడకుండా పిన్నులు కొడుతున్నాడు. మామూలు స్టేప్లర్ నడిమి మడత దాకా అందదు. అందుకే పుస్తకం విప్పి, అట్ట పైకొచ్చేలా హవాయి చెప్పు మీద పరిచి, స్టేప్లర్ నోరు పూర్తిగా తెరిచి గుద్దుతాడు. పిన్ను చెప్పులో దిగుతుంది. మెల్లగా పీకి, రూపాయి బిళ్లతో దాని కాళ్లు వంచుతాడు.)

బామ్మర్ది: చూస్తారు, వేలితో తోసేస్తారు. 1975 డిసెంబర్‌లో టోక్యోలో ఇట్లాంటి సొంత పుస్తకాలకని కామికెట్ అనే సంత పెట్టినప్పుడు వచ్చింది 32 బృందాలే. చూడ్డానికొచ్చిన జనం 700 దాకా. ఇప్పుడు లక్షల్లో వస్తారు. అదీ మొదట చదివింపులే. పేపర్‌కు పంపితే ఒక్క కార్టూన్‌కు చోటిస్తారు. మా అవ్వ బిందె పెట్టుకుని ట్యాంకర్ కోసం నిలబడిన మధ్యాహ్నాన్ని ఆరు పేజీలు వేసినాను, ఒక్క మాట లేకుండా. ఏ ఎడిటర్ ఇస్తాడు ఆరు పేజీలు? ఇంకోటి చెప్తా. పెన్సిల్ నీడ జెరాక్స్‌లో మరకైపోతుంది, చుక్కలతో, గీతలతో వేయాలి. అది నాకు తెలిసింది ఎట్లా? అనంతపురం నుంచి ఒకమ్మాయి పంపిన పుస్తకం తిరగేసి. డబ్బు తిరిగితే తిరగనీ, పని కూడా తిరుగుతోంది కదా.

బావ: టోక్యో జనమెంత, కడప జనమెంత? మా కాలేజీలోనూ చేతిరాత పత్రిక తెచ్చినాం. రెండు సంచికలకే ఆగిపాయ.

(ఒక పుస్తకం తీసి తిప్పాడు.)

బావ: ఇదేంది, 'యాడికి పోతాండావు' అని రాసినారు? విజయవాడోడు చదివితే నవ్వడూ?

బామ్మర్ది: నవ్వనీ. మనం అట్లే కదా మాట్లాడేది?

బావ: మాట్లాడ్డం వేరు, అచ్చేయడం వేరు.

బామ్మర్ది: నీ ఫ్లెక్సీల మీద 'మాస్ లీడర్ కి జన్మధిన శుభాకాంక్షలు' అచ్చేయొచ్చా?

బావ: అది కస్టమర్ రాసిచ్చింది రా! నేను దిద్దితే ఊరుకుంటాడా?

(ఇద్దరూ అసలు సంగతి వదిలేసి ధ-ద మీద పది నిమిషాలు అరుచుకున్నారు. తర్వాత బావ అవ్వ కథ తెరిచి, ఆరు పేజీలూ చూశాడు. మళ్లీ మొదటికొచ్చాడు.)

బావ: ట్యాంకర్ పైపు పక్కకేసినావు. వెనకుంటుంది.

బామ్మర్ది: 50 కాపీలూ కొట్టేసినాక చెప్తావా?

బావ: ఫ్లెక్సీకైనా ముందు ప్రూఫ్ చూపిస్తాం రా మేము.