‘ఎంపికలో లోపం ఉంది’ గారికి ఒక గుమాస్తా ఉత్తరం

‘ఎంపికలో లోపం ఉంది’ గారికి,

విశాఖపట్నం పూర్ణా మార్కెట్ దగ్గర ఒక కిరాణా హోల్‌సేల్ షాపులో లెక్కలు రాసే గుమాస్తా నమస్కరించి రాయునది. తమరు మా లెక్కల సాఫ్ట్‌వేర్‌లో వచ్చే ఎర్రర్ మెసేజ్. తమరి అసలు పేరు ఇంగ్లీషులో ఉంటుంది, తెలుగు నేను చేసుకున్నాను. ‘ఇక్కడ అందరం క్షేమం’ అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కానీ పదో తారీకు రాత్రి తమరి దర్శనం అయ్యాక ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

తమరికి తారీకులతో పని లేదు. నాకుంది. పదకొండులోపు జీఎస్టీఆర్-1, అంటే నెల అమ్మకాల జీఎస్టీ రిటర్ను, వెయ్యాలి. వెయ్యకపోతే పద్నాలుగున మా దగ్గర సరుకు కొన్నవాళ్ల 2బీలో (కొన్న సరుకు మీద వాళ్లకి వచ్చే పన్ను జమ చూపించే పట్టీలో) మా బిల్లులు కనపడవు. ఇక అనకాపల్లి నుంచి ఒకాయన, పార్వతీపురం నుంచి ఇంకొకాయన టీ తాగనివ్వకుండా ఫోన్లు చేస్తారు.

ఆ రాత్రి ఏడున్నరకి నెల బిల్లులు 214కీ టిక్కు పెట్టి ఎక్స్‌పోర్ట్ నొక్కాను. తమరు ఎర్ర త్రికోణం వేసుకుని వచ్చి ‘ఎంపికలో లోపం ఉంది, సరిచేసి మళ్లీ ప్రయత్నించండి’ అన్నారు. కింద ఒకటే బటన్: ‘సరే’. పెళ్లిచూపుల్లో కూడా ఇంత బలవంతం ఉండదండీ.

ఏ ఎంపిక? 214లో ఏది? అర్ధరాత్రి తలుపు కొట్టి, ‘మీ వీధిలో దొంగ ఉన్నాడు’ అని చెప్పి, ఏ ఇంట్లోనో చెప్పకుండా వెళ్లిపోయే మనిషిని ఏమంటారు? నాకు పని నేర్పిన పాత గుమాస్తాగారు చాలా కోపిష్టి. కానీ తప్పు దొరికితే ఎర్ర పెన్సిల్‌తో ఆ అంకె కింద గీత గీసి, ‘ఇదిగో, ఇక్కడ ఏడు రాయబోయి ఒకటి రాశావు, వెధవా’ అనేవారు. తిట్టేవారే గానీ చోటు చూపించి తిట్టేవారు. తమరికి ఆ పెన్సిలు లేదు.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. ‘రీస్టార్ట్ చేశారా సార్?’ చేశాను. ‘ఇంకోసారి చేయండి సార్.’ అదీ చేశాను. బ్యాకప్ తీసుకుని రీఇండెక్స్, అంటే డేటా సూచికని మళ్లీ కట్టించడం, చెయ్యమన్నారు. పెన్‌డ్రైవ్‌లో బ్యాకప్ పెట్టి (ఇది మాత్రం ఎవరైనా ముందు చెయ్యాల్సిన పనే) రీఇండెక్స్ మీద వదిలాను. అది పూర్తయ్యేలోపు మురీ మిక్చర్ పొట్లం ఒకటి ఖాళీ అయింది. తమరు మాత్రం కదల్లేదు.

సరే, పీరియడ్ తారీకులు చూశాను, బాగానే ఉన్నాయి. కౌంటర్ మీది కంప్యూటర్‌లో అదే కంపెనీ ఫైలు తెరిచి ఉంటే మూయించాను. అయినా తమరే. ఇక లాభం లేదని బిల్లుల్ని సగానికి కోశాను. 107 ఒక పక్క, 107 ఒక పక్క. మొదటి సగానికి తమరు రాలేదు, రెండో సగానికి ఠంచనుగా వచ్చారు. అందులో మళ్లీ సగం, ఆ సగంలో సగం. ఎనిమిదిసార్లు కోస్తే ఒక్క బిల్లు మిగిలింది.

రాయగడ పార్టీది. ఎండు మిరపకాయలు, చిన్న బిల్లే. వాళ్ల జీఎస్టీ నంబరు 21తో మొదలవుతుంది, అంటే ఒడిశా. లెడ్జర్‌లో రాష్ట్రం గడిలో మాత్రం ఆంధ్రప్రదేశ్ అని ఉంది. కొత్త లెడ్జర్ తెరవగానే ఆ గడిలో మన రాష్ట్రమే కూర్చుని ఉంటుంది, లేపి పక్కన పెట్టాల్సింది మనమే. అందువల్ల 5 శాతం ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే అమ్మకాల పన్ను) పడాల్సిన చోట కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నర పడింది. మొత్తంలో పైసా తేడా లేదు కాబట్టి నా కంటికి ఆనలేదు. అలాగే కట్టేసి ఉంటే సరైన పద్దులో మళ్లీ కట్టి, మొదట కట్టింది రీఫండ్ అడుక్కోవాల్సి వచ్చేది.

కాబట్టి తమరు ఆపడం న్యాయమే, ఒప్పుకుంటున్నాను. నా ఫిర్యాదల్లా, ఒడిశా 21కీ ఆంధ్రా 37కీ పొత్తు కుదరలేదని తెలిసే కదా ఆపారు! తెలిసినవారు ఆ ఒక్క ముక్క అంటే ఏం పోయింది? ‘ఫలానా బిల్లులో రాష్ట్రం చూసుకో’ అని ఉంటే, తొమ్మిదికల్లా కాంప్లెక్స్‌లో గాజువాక బస్సు ఎక్కేవాణ్ణి. పదకొండున్నరకి ఆటోవాడు అడిగినంత ఇచ్చి ఇల్లు చేరాను. అన్నం చల్లారిపోయింది. మా ఆవిడ చల్లారలేదు.

ఇంకొక సంగతి తమరికి మాత్రమే చెబుతున్నాను. ఆ లెడ్జర్ ఎవరు తెరిచారా అని లాగ్ తీశాను, పట్టుకుని నాలుగు దులుపుదామని. మూడో తారీకు, మధ్యాహ్నం రెండు నలభై, భోజనం చేసి వచ్చిన వెంటనే. లాగిన్ నాదే.

పొద్దున్న ఓనరుగారు, ‘ఏటయ్యా, రాత్రి అంతసేపు ఏటి చేశావు?’ అన్నారు.

‘సాఫ్ట్‌వేర్‌లో ఎర్రర్ వచ్చిందండి.’

‘ఏటి ఎర్రరు?’

‘అది సరిగ్గా చెప్పదండి.’

ఆయన తలాడించి గల్లాపెట్టె తెరుచుకున్నారు. ఈ మేలు మర్చిపోను.

ఇట్లు,
తమరి బటన్‌కి ‘సరే’ అన్న గుమాస్తా